ప్లాస్టిక్ సంచి కట్టిన ఫోన్‌ను చూసి నవ్వుతున్నవారికి

 ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. వీలు చూసుకుని చదవండి, తిట్టాలనిపిస్తే పూర్తిగా చదివాక తిట్టండి.

మొన్న ఆదివారం మన గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. ఫోరస్ రోడ్డు మీద కూరగాయల బండి ముందు ఒక పెద్దావిడ. ముఖం పడలేదు, చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. చేతిలో ఫోన్. ఫోన్‌కు పల్చటి ప్లాస్టిక్ సంచి, అది జారకుండా రెండు రబ్బరు బ్యాండ్లు, సంచి లోపల పై మూలన పగిలిన గాజు మీద టేపు ముక్క. కింద ఎవరో "కామాఠీపుర గొరిల్లా గ్లాస్" అని రాశారు. ఇక నవ్వే బొమ్మలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. మర్నాటికి ఆ నవ్వులోంచే ఒక ప్రతిపాదన పుట్టింది. బతుకమ్మ నాటికి ఒక దాత 200 టెంపర్డ్ గ్లాసులు కొనిస్తారట. డబ్బా మీద వారి పేరు, సంఘం గుర్తు వేసి అందరికీ పంచాలట.

దాత మీద నాకు గౌరవమే. పిల్లల ఉత్సాహం మీద ఇంకా గౌరవం. కానీ ఆ పెద్దావిడ చేసిన పనిలో ముప్పాతిక భాగం సరైనదే అని నా అభిప్రాయం. మనం చేయబోతున్న పనిలో ముప్పాతిక భాగం వృథా. ఆవిడ పనిలో మిగిలిన పావు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ప్రమాదమంతా ఆ పావులోనే ఉంది, దాని గురించి గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు.

ముందు ఆ నవ్వు సంగతి. మే నెల చివరి వారంలో మన గల్లీలో ఏ మేడ మీదికైనా ఎక్కి చూడండి. నీలం తాడ్‌పత్రి కప్పని పైకప్పు ఎన్ని కనిపిస్తాయి? వాన రాకముందే ఇంటికి ప్లాస్టిక్ కప్పుకునే జనం మనం. టీవీ రిమోట్‌కు కవరు తొడిగి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి, అయిదేళ్ళయినా అంకెలు చెరగకుండా వాడుకునే జనం. రేషన్ కార్డుకు లామినేషన్, ఆధార్‌కు లామినేషన్, పెళ్ళి ఆల్బమ్‌కు లామినేషన్. కొత్త ఫ్రిజ్ తలుపు మీది ప్లాస్టిక్ పొర దానంతట అది ఊడిపోయేదాకా తీయని ఇళ్ళు నాకు పది తెలుసు, అందులో మాది ఒకటి. ఇన్నిటికి రాని నవ్వు ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఎందుకొచ్చింది?

ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే "ముంబై సెంట్రల్" అని చెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఉద్యోగం దరఖాస్తులో గల్లీ నంబరు రాయడానికి చెయ్యి ఆగుతుంది. సంబంధం చూడ్డానికి ఊరి నుంచి వచ్చేవాళ్ళను ఏ దారిన తీసుకురావాలో ముందే అనుకుంటాం. కాగితాల్లో ఆర్.ఎస్. నింకర్ మార్గ్ అయినా లోకం నోట్లో అది ఫోరస్ రోడ్డే. ఆ పేరు వినగానే ఎదుటివాడి ముఖంలో వచ్చే మార్పు మనందరం చూసినదే. బయటివాళ్ళు మన అడ్రసును చూసి నవ్వుతారని మనకు కోపం. మనం మాత్రం మన మనిషి చేతిలోని ఫోన్‌ను చూసి నవ్వుకున్నాం. ఇంతకంటే ఎక్కువ రాయను, ఇది ఫోన్ గురించిన వ్యాసం.

ఆ ఫోన్ అంటే ఆవిడకు ఏమిటో ఒకసారి చూడండి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. గ్యాస్ బుక్ చేసేది దాంతోనే. ఊళ్ళో పింఛను పడిందా లేదా అన్న కబురు దాంట్లోనే. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు శుక్రవారం వీడియోలో కనిపించేది దాంట్లోనే. 2020 లాక్‌డౌన్‌లో ఒక ఖోలీలో ముగ్గురు పిల్లలు ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని బడి చదువు చదివారు, పగిలిన గాజు మీద అక్షరం ఏదో గీత ఏదో తెలియక. అలాంటి ఫోన్‌కు డిస్‌ప్లే పోతే లామింగ్టన్ రోడ్డు మనకు నడిచి వెళ్ళేంత దూరమే, రెండు మూడు వేలకు కొత్తది వేస్తారు. వేసినది అసలుదో నకిలీదో వారం గడిస్తేగాని తెలియదు. మా బంధువు ఒకరు అలాగే వేయించుకున్నారు, దుకాణం పేరు రాయను. డిస్‌ప్లే వెలుగుతుంది కానీ ఎండలో ఏమీ కనిపించదు, కింది వరుసలో అక్షరాలు నొక్కితే పక్కవి పడతాయి. పైగా రిపేరుకు ఇచ్చేటప్పుడు తాళం తీసి ఇవ్వాలి, అందులోనే బ్యాంకు యాప్ ఉంటుంది. చదువు రాని మనిషికి ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయో ఊహించుకోండి. అందుకే ఆవిడ ఫోన్‌ను పాపాయిలా చుట్టి పెట్టుకుంది.

ఇప్పుడు గాజు సంగతికొద్దాం. నాకు ఈ విషయం మీద కొంచెం పిచ్చి ఉంది, ఓపిక పట్టండి.

ఫోన్ గాజు మామూలు కిటికీ గాజు కాదు. కరిగిన పొటాషియం ఉప్పులో, సుమారు 400 డిగ్రీల వేడిలో దాన్ని ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం అణువులు బయటికి పోయి వాటి జాగాలో పెద్ద పొటాషియం అణువులు దూరతాయి. చర్చిగేట్ లోకల్లో ముగ్గురు కూర్చునే సీటులో నాలుగో మనిషి ఇరుక్కున్నట్టన్నమాట. ఎవరూ కదలలేరు. ఆ ఇరుకే గాజుకు బలం. పైపొర అంత బిగుతుగా ఉంటే పగులు మొదలవ్వడం కష్టం. గొరిల్లా గ్లాస్ అని మనం ఎగతాళికి వాడిన మాట వెనక ఉన్న పని ఇదే.

మరి పగులు ఎక్కడ మొదలవుతుంది? గీత దగ్గర. ఫొటో ఫ్రేములు కట్టేవాడి దుకాణంలో ఎప్పుడైనా నిలబడ్డారా? వాడు గాజును రంపంతో కోయడు. వజ్రపు ముక్క ఉన్న కలంతో పైన ఒక్క గీత గీస్తాడు, బల్ల అంచుకు పెట్టి టక్కున విరుస్తాడు. గాజు సరిగ్గా ఆ గీత వెంటే విరుగుతుంది. మన ఫోన్ మీద పడే ప్రతి గీతా అలాంటి కలం గీతే, చిన్నది. కింద పడిన రోజు అది గుర్తొస్తుంది గాజుకు.

గీతలు పెట్టేది ఏమిటి? తాళంచెవి అనుకుంటారు చాలామంది. మామూలు తాళంచెవి ఫోన్ గాజును అంత సులువుగా గీయలేదు. ఇసుక గీస్తుంది. గట్టిదనం కొలిచే లెక్కలో గాజు 6 దగ్గర ఉంటే ఇసుకలోని క్వార్ట్జ్ 7 మీద ఉంటుంది. మన తాతలు ఈ నగరానికి వచ్చిందే ఇసుక, సున్నం, ఇటుకలు మోయడానికి. కామాఠీపుర అన్న పేరే వాళ్ళ మీద వచ్చింది. ఇవాళ్టికీ మనలో తాపీ పని, రంగుల పని, టైల్స్ పని చేసేవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళ ప్యాంటు జేబు అడుగున ఎప్పుడూ చిటికెడు ఇసుక ఉంటుంది. ఫోన్ ఆ జేబులోనే రోజంతా రాసుకుంటూ ఉంటుంది.

ఇక్కడే ఇంట్లో వేసుకున్న ప్లాస్టిక్ పొర పనికొస్తుంది. అది గాజు కంటే మెత్తన. ఇసుక దాన్నే గీస్తుంది, కింద గాజు బాగుంటుంది. నెల రెండు నెలలకు పొర మసకబారితే పీకి పారేసి ఇంకొకటి వేసుకోవచ్చు. నేరుగా దెబ్బను ఆపలేదు, ఆ మాట నిజం. మూడో అంతస్తు మెట్ల మీంచి పడితే ఏ పొరా కాపాడదు. కానీ గీతలు లేని గాజు, గీతలున్న గాజు కంటే ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది. ఆవిడ చేసిన పనిలో ముప్పాతిక సరైనదని నేనన్నది దీని గురించే.

టెంపర్డ్ గ్లాస్ చెడ్డదని నేననడం లేదు. మంచిది దొరికి, సరిగ్గా అతికితే గీతలూ ఆపుతుంది, చిన్న దెబ్బలూ ఆపుతుంది. నా ఫోన్‌కూ ఒకప్పుడు అదే ఉండేది. కానీ స్టేషన్ బయట బండి మీద నూరు రూపాయలకు అమ్మేదాని మీద 9హెచ్ అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని చూసి వజ్రమంత గట్టిదనుకుంటారు మనవాళ్ళు. ఆ హెచ్ పెన్సిల్ హెచ్. పెన్సిళ్ళలో మెత్తటిది, గట్టిది అని ఉంటాయి కదా, 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని ఆ మాటకు అర్థం. ఇసుక దగ్గర ఆ అంకె పనిచేయదు. ఇంక 11డి, 21డి అని కూడా అమ్ముతున్నారు. మనుషులకే మూడు డైమెన్షన్లు సరిపోతున్న లోకంలో గాజుకు అన్ని ఎందుకో అమ్మేవాడిని అడిగాను. "సాబ్, లేటెస్ట్ హై" అన్నాడు.

పంచడంలో అసలు చిక్కు వేరే. మన సభ్యుల ఫోన్లు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకరిది ఆరేళ్ళ కిందటిది, ఒకరిది కొడుకు వాడి వదిలేసింది, ఒకరిది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కెమెరా రంధ్రం ఒక్కోదానికి ఒక్కో చోట. పాత మోడల్‌కు గ్లాసే దొరకదు. 200 గ్లాసులు తెస్తే అవి 200 మందికి సరిపోవు, కొత్త ఫోన్ ఉన్న 40 మందికి సరిపోతాయి. అంటే అవసరం లేనివాళ్ళకు అందుతాయి. మిగిలినవి సంఘం ఆఫీసు బీరువాలో, పాత క్యాలెండర్ల పక్కన ఉంటాయి. ఆ బీరువాలో ఇంకా ఏమేం ఉన్నాయో కోశాధికారి గారికి తెలుసు.

అంచులు వంగిన ఖరీదైన ఫోన్లు కొన్న తమ్ముళ్ళకు ఒక మాట. మీ గ్లాసు నిలవాలని బండివాడు జిగురు పోసి, నీలం దీపం కింద పెట్టి గట్టిపరుస్తాడు. ఆ జిగురు నీళ్ళలా పారుతుంది. మాటలు వినిపించే సన్నటి జాలీలోకి, పక్క బటన్లలోకి దిగి అక్కడే గట్టిపడిందంటే మళ్ళీ రాదు. ఆవిడ రబ్బరు బ్యాండ్ల వల్ల ఆ నష్టం మాత్రం లేదు.

ఇక ఇంట్లో చేసుకోవడం. ముందు టచ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు, అది తెలిస్తే ఏ ప్లాస్టిక్ పనికొస్తుందో మీకే తెలుస్తుంది. గాజు కింద కంటికి కనిపించని సన్నటి వల ఉంటుంది, అందులో కొద్దిగా కరెంటు చార్జి ఉంటుంది. మన ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఉన్నాయి కాబట్టి వేలు దగ్గరికొస్తే ఆ చార్జి కొంచెం మారుతుంది, ఆ మార్పే ఫోన్‌కు గుర్తు. నొక్కాల్సిన పని లేదు. వెనకటి ఫోన్లకు పుల్లతో నొక్కాల్సి వచ్చేది, అవి వేరే రకం. కాబట్టి మధ్యలో పల్చటి ప్లాస్టిక్ ఉన్నా వేలు తెలుస్తుంది. మందం పెరిగితే, లోపల గాలి ఉంటే తెలియడం తగ్గుతుంది. నీటి చుక్క కూడా చార్జిని కదిలిస్తుంది, అందుకే వానలో ఫోన్ దయ్యం పట్టినట్టు దానంతట అది నంబర్లు కొడుతుంది. సంచి వేసినా పైన తడి ఉంటే అంతే. తుడిచి నొక్కాలి.

ఏ ప్లాస్టిక్ అంటే, నేను ఇంట్లో నాలుగైదు రకాలు వేసి చూశాను. వంటింట్లో గిన్నెల మీద చుట్టే సాగే పొర అస్సలు వద్దు, ముడతలు పడుతుంది, వేలితో పాటు లేచి వస్తుంది. జెరాక్స్ దుకాణంలో దొరికే ఓహెచ్‌పీ షీటు చక్కగా పారదర్శకంగా ఉంటుంది, గీతలు తట్టుకుంటుంది, కానీ తనంతట తాను అతుక్కోదు, అంచులకు టేపు వేయాలి. కొత్త చొక్కా ప్యాకెట్ ప్లాస్టిక్ తాత్కాలికానికి ఫరవాలేదు. అన్నిటికంటే నయం స్టేషనరీ దుకాణంలో పుస్తకాల అట్టలకు అమ్మే అంటుకునే పారదర్శక రోలు. వెనక కాగితం పీకితే జిగురు ఉంటుంది. కొన్ని మరీ మందం, పల్చటిది అడిగి తీసుకోండి. ఒక రోలుతో మన గల్లీ మొత్తానికి వేయొచ్చు. పీకేటప్పుడు జిగురు మిగిలితే కొబ్బరినూనె చుక్క వేసి గుడ్డతో తుడవండి, చెవి జాలీ వైపు పోనివ్వకుండా. శానిటైజర్ వేసి గట్టిగా రుద్దితే గాజు మీద ఉండే నున్నటి పూత పోతుంది. టూత్‌పేస్ట్ రాస్తే గీతలు పోతాయన్న వీడియో నాకు ఇప్పటికి ఎంతమంది పంపారో లెక్క లేదు. గీతలు పోవు, పూత పోతుంది.

వేసే పద్ధతి. ఫోన్ ఆఫ్ చేయండి. తెల్ల కాగితం మీద ఫోన్ బోర్లించి పెన్సిల్‌తో గీత గీసుకోండి, గీతకు ఒక మిల్లీమీటరు లోపలికి కత్తిరించండి. అంచు దాకా ఉంటే వెనక కవరు తొడిగినప్పుడు లేచిపోతుంది. మూలలు గుండ్రంగా రావాలంటే రూపాయి బిళ్ళ పెట్టి గీసుకుని గోళ్ళ కత్తెరతో తీయండి. పైన చెవి దగ్గర జాలీ, కెమెరా, వాటి పక్కన ఉండే సెన్సర్ మీద పొర రాకూడదు. ఇది గుర్తుంచుకోండి. ఫోన్ చెవికి పెట్టగానే తెర ఆరిపోయేది ఆ సెన్సర్ వల్లనే. దాని మీద టేపు పడితే ఫోన్ ఎప్పుడూ చెవి దగ్గరే ఉందనుకుంటుంది. కాల్ మధ్యలో తెర నల్లగా అయిపోయి, పెట్టేయడానికి కూడా రాక, ఫోన్ చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తినవాళ్ళు ఉన్నారు.

దుమ్ము మన అసలు శత్రువు. బాత్రూములో వేడినీళ్ళు వదిలి ఆవిరిలో చేయాలని వీడియోల్లో చెబుతారు. మనకు బాత్రూము కామన్, బయట బకెట్లతో నలుగురు నిలబడి ఉంటారు, లోపల కూర్చుని ఫోన్‌కు పొర వేస్తున్నానంటే తలుపు విరగ్గొడతారు. ఖోలీలో మోరీ పక్కనే ఒక బకెట్ వేడినీళ్ళు పెట్టి, ఫ్యాను ఆపి, పది నిమిషాలు ఆగండి. గాలిలో దుమ్ము కిందికి దిగుతుంది. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గ్లాసు నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను పొర జిగురు వైపు పల్చగా చల్లండి. ఫోన్ మీద పోయకండి. తడిగా ఉంటే పొరను అటూ ఇటూ జరుపుకోవచ్చు, వంకర పోదు. పాత ఏటీఎం కార్డుకు గుడ్డ చుట్టి నడుమ నుంచి అంచులకు తోయండి, బయటికొచ్చిన నీటిని అప్పుడే తుడవండి, చార్జింగ్ రంధ్రం వైపు పోనివ్వకండి. రాత్రంతా వదిలేయండి. చిన్న చిన్న బుడగలు రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి. దుమ్ము వల్ల వచ్చిన బుడగ పోదు, దానితో బతకడం నేర్చుకోవాలి.

తెర లోపలే వేలిముద్ర చదివే ఫోన్లు ఇలాంటి పొర మీంచి సరిగా చదవలేకపోవచ్చు. పక్క బటన్‌లో వేలిముద్ర ఉన్నవాటికి ఈ బాధ లేదు. మన అమ్మలు, అత్తమ్మలు ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన చేతులవాళ్ళు. వేలి కొసలు అరిగిపోయి, గట్టిపడి, రేషన్ దుకాణం మిషనే వాళ్ళ ముద్ర తీసుకోనని మొండికేస్తుంది. అలాంటి వేళ్ళకు టచ్ కూడా ఒక్కోసారి పలకదు. వాళ్ళకు వీలైనంత పల్చటి పొర వేయండి. కొన్ని ఫోన్ల సెట్టింగుల్లో టచ్ సెన్సిటివిటీ పెంచే మీట ఉంటుంది, అది వేయండి. "ముసలిదానికి ఫోన్ వాడుడు రాదు" అని విసుక్కునే మనవళ్ళు ముందు ఆ మీట వెతికి చూడాలి.

ఇప్పటికే పగిలిన తెర సంగతి వేరే. ఆవిడ ఫోన్ మీద మూలన ఉన్న టేపు ముక్క నాకు నవ్వు తెప్పించలేదు, కొంచెం నిమ్మళం కలిగించింది. పగిలిన గాజు నుంచి పొడి రాలుతుంది. అది బొటనవేలిలో దిగితే కంటికి కూడా కనిపించదు. షుగర్ ఉన్న మనిషికి వేలి మీద పుండు పడితే ఎన్నాళ్ళు మానుతుందో మన ఇళ్ళల్లో తెలియనివారు లేరు. కాబట్టి డిస్‌ప్లే మార్చే డబ్బు చేతికొచ్చేదాకా వెడల్పు టేపు తప్పనిసరి. వేసే ముందు ఊదకండి, పొడి కళ్ళలో పడుతుంది. ఒక టేపు ముక్కనే అద్ది అద్ది ఆ పొడిని ఎత్తి పారేయండి. తర్వాత కొత్త టేపు, ఒకదాని అంచు మీద ఇంకొకటి కొంచెం ఎక్కేట్టు. రెండు వారాలకోసారి చూసి మార్చండి. వానాకాలంలో పగులు లోంచి నీళ్ళు దిగకుండా కూడా ఇదే అడ్డం.

ఇక ఆ మిగిలిన పావు.

టేపు ఎప్పుడు వేయాలో చెప్పాను. ఎప్పుడు వేయకూడదో దానికంటే ముఖ్యం. కొన్ని పాత ఫోన్లలో తెర పగలదు, ఒక పక్క పైకి లేస్తుంది. అంచు దగ్గర గోరు దూరేంత సందు వస్తుంది, లోపలి వెలుగు పక్కనుంచి కనిపిస్తుంది. జిగురు వదిలిందనుకుని మనవాళ్ళు దాన్ని వేలితో అదిమి, చుట్టూ టేపు బిగించి, రబ్బరు బ్యాండు వేస్తారు. జిగురు వదలడం కాదు చాలాసార్లు. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీ తెరను కింది నుంచి నెడుతోంది. దాన్ని పైనుంచి అదిమితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అంటుకుంటుంది. క్షణాల్లో పొగ నిండుతుంది. మన ఖోలీ ఎంత? పదడుగులు. పైన చెక్క మాళా, దాని మీద పరుపులు, పాత బట్టలు. ఫోన్ చార్జింగులో పెట్టేది దిండు కింద. కిందికి దిగడానికి ఒకే మెట్ల వరుస, అది కూడా చెక్కది.

ఫోన్‌ను చదునైన బల్ల మీద వెల్లకిల పెట్టి ఒక మూల తట్టండి. ఊయలలా ఊగితే, లేదా బొంగరంలా తిరిగితే అనుమానించండి. కొత్తగా తెర ఒక పక్క లేచినా, వెనక మూత ఉబ్బినా అంతే. అలాంటి ఫోన్‌ను అదమకండి, పొడవకండి, చార్జింగు పెట్టకండి. ఆఫ్ చేసి పరుపులకు దూరంగా బండ మీద పెట్టి, పగటిపూట రిపేరు దుకాణానికి తీసుకెళ్ళి బ్యాటరీ మార్పించండి. తీసిన బ్యాటరీని చెత్త డబ్బాలో వేయకండి, చెత్త బండిలో నలిగితే అక్కడ అంటుకుంటుంది. దుకాణం వాడికే వదిలి రండి.

ప్లాస్టిక్ సంచి గురించి కూడా. వానలో బయటికెళ్ళేటప్పుడు సంచి మంచిదే. ఇంటికి రాగానే తీసేయాలి. సంచిలో ఉంచే చార్జింగు పెడితే వేడి బయటికి పోదు, ఆ వేడే బ్యాటరీని ఉబ్బించే కారణాల్లో ఒకటి. తడి ఫోన్‌ను సంచిలో మూసి పెడితే లోపల ఆవిరి పట్టి తెర కిందికి దిగుతుంది. ఆ ఫొటోలో ఆవిడ ఫోన్ ఒక మూల ఎత్తుగా ఉన్నట్టు నాకు అనిపించింది. రబ్బరు బ్యాండ్లు సంచి కోసమా, తెర లేవకుండానా అన్నది ఫొటో చూస్తే తెలియదు. ఫొటో తీసిన తమ్ముడికి ఆవిడ ఎవరో తెలిసే ఉంటుంది. దయచేసి ఇవాళే వెళ్ళి చూసి రా నాయనా. గ్రూపులో రాయనక్కర్లేదు, నాకు ఫోన్ చేసి చెప్పు చాలు.

మళ్ళీ ప్రతిపాదన దగ్గరికి. యువజన విభాగం వాళ్ళు నన్ను అడిగారు, "మరి పేదరికాన్ని ఇట్లనే ఉంచుదామా అన్నా, మంచి వస్తువు ఇచ్చుడు తప్పా?" అని. న్యాయమైన ప్రశ్న. మంచి వస్తువు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కాకపోతే ఆ డబ్బును అవసరం ఉన్న చోట పెడదాం. 200 గ్లాసుల డబ్బుతో ఉబ్బిన బ్యాటరీలు ఎన్ని మార్పించొచ్చో లెక్క వేయండి. మన మధ్య అలాంటి ఫోన్లు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మనం ఇంతవరకు చూడలేదు. గల్లీ గల్లీ తిరిగి చూసే ఓపిక మన పిల్లలకు ఉంది. దాత గారి పేరు బ్యానరు మీద పెద్దక్షరాలతో వేద్దాం, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రేపు టవర్లు లేస్తాయి, లిఫ్టులొస్తాయి, అప్పుడు అందరికీ కొత్త ఫోన్లే అని కొందరంటున్నారు. ఆ మాట నేను నా పెళ్ళి కాకముందు నుంచి వింటున్నాను. ఈ వానాకాలం మాత్రం ఈ చాల్‌లోనే గడవాలి.

కాబట్టి కార్యదర్శి గారికి నా విన్నపం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఇది ఒక అంశంగా పెట్టండి. బతుకమ్మ దాకా ఆగకుండా ఈ నెలలోనే ఒక ఆదివారం, ఉదయం పదింటి నుంచి, సంఘం హాల్లో నాలుగు బల్లలు వేద్దాం. మొదటి బల్ల దగ్గర ప్రతి ఫోన్‌నూ చదునుగా పెట్టి ఊగుతుందా లేదా చూడాలి. ఊగినవాటిని పక్కన పెట్టి పేరు రాసుకోవాలి. రెండో బల్ల దగ్గర పగిలినవాటికి టేపు. మిగిలిన రెండింటి మీద పొరలు వేయడం, అదీ మనం వేసి ఇవ్వడం కాదు, వచ్చినవాళ్ళ చేతనే వేయించడం. కుట్టు పని, పూలు కట్టడం తెలిసిన మన ఆడవాళ్ళ చేతులు ఈ పనిలో మనకంటే నయం, చూస్తారుగా. హాల్లో ఫ్యాన్లు ఆపేయాలి, అందుకు ముందే సిద్ధపడి రండి.

రోలు, వెడల్పు టేపు నేను తెస్తాను. పెద్ద కత్తెరలు రెండున్నాయి. గోళ్ళ కత్తెరలు, పాత ఏటీఎం కార్డులు, మెత్తటి నూలు గుడ్డలు ఎవరింట్లో ఉంటే వాళ్ళు తీసుకురండి. వేడినీళ్ళ కోసం హాలు గీజరు పనిచేస్తుందో లేదో ఎవరైనా శనివారమే చూసి చెప్పండి.